ఎకరా వంగలో లక్షలు చూపిస్తున్న యూట్యూబ్ మిత్రులకు

వ్యవసాయ వీడియోలు తీస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నేను చేవెళ్ల వైపు కూరగాయలు పండించే రైతును. మందులు కొట్టకుండా వంగ పెడుతున్నాను, నా కాయ నేనే అమ్ముకుంటున్నాను. మీ వీడియోలు చూస్తుంటాను. విత్తనానికి పట్టించే బీజామృతం ఎట్లా కలపాలి, నారుమడి ఎత్తుగా ఎందుకు చేయాలి, డ్రిప్పు పైపు మొక్కకు ఎంత దూరంలో పరచాలి, ఇవన్నీ మీరు చూపించినంత ఓపికగా మాకు ఇంకెవరూ చూపించలేదు. మా తెలంగాణలో దాదాపు 5 వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి. పంటల నమోదు, వడ్ల కొనుగోలు పనులతోనే ఆయనకు పొద్దు గడిచిపోతుంది. రాత్రి అన్నం తిన్నాక ఫోన్లో చూసే వీడియోనే చాలామందికి బడి అయింది. అందుకే శాఖకు రాయకుండా ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

నా పేచీ మీ థంబ్‌నెయిల్ మీద. పసుపు అక్షరాల్లో "ఆర్గానిక్ వంకాయ, ఎకరాకు 4 లక్షలు" అని రాసి, రైతు చేతిలో నోట్ల కట్ట పెట్టి, పక్కన ఎర్ర బాణం గీస్తారు చూడండి, అదీ. ఆ అంకె పచ్చి అబద్ధమని నేను అనను. వంగలో లాభం ఉంది. మందులు లేని వంగలో ఇంకాస్త ఎక్కువే మిగలొచ్చు. కాకపోతే ఆ మిగులు ఎక్కడినుంచి వస్తుందో అక్కడ మీ కెమెరా ఎప్పుడూ ఉండదు.

ముందు లెక్కే చూద్దాం. ఎకరాకు 10 టన్నులు, కిలో 40 రూపాయలు, వెరసి 4 లక్షలు. మంచి నేల, తగిన రకం, నీటి వసతి ఉంటే 8 నుంచి 12 టన్నుల దిగుబడి రావడం వింతేమీ కాదు. కిలో 40కి అమ్మిన రోజులూ ఉన్నాయి. కానీ ఆ రెండూ ఒకే కాయకు కుదరవు. 10 టన్నులు తూగేది బాగా పెరగనిచ్చిన పెద్ద కాయ. హైదరాబాద్‌లో ధర పలికేది గుత్తి వంకాయకు పనికొచ్చే చిన్న కాయ, లేత కాయ, గిచ్చితే గోరు దిగే కాయ. అట్లా లేతగా కోస్తే గంప నిండుతుంది గానీ కాటా లేవదు. మీ లెక్కలో టన్నులేమో ఒక రకం కాయవి, ధరేమో ఇంకో రకం కాయది.

ఆ 10 టన్నులు ఒక్కసారిగా ఊడిపడవు కూడా. నాటిన రెండు నెలలకు అటూ ఇటూగా మొదటి కోత. అక్కడినుంచి మూడు నాలుగు రోజులకొక కోత చొప్పున మూడు నెలలకు పైగా సాగుతుంది. మొదటి కోతలు ఆశ పెట్టేటంత. నడిమి నెలా నెలన్నర విరగకాస్తుంది. ఆ తర్వాత కాయ చిన్నబోతుంది, వంకర తిరుగుతుంది, పుచ్చు పెరుగుతుంది. మీరు వచ్చేది ఎప్పుడూ ఆ నడిమి నెలలోనే. ఆ పూట గంపలు లెక్కపెట్టి, ఆ పూట ధరతో గుణించి, పంటకాలం మొత్తానికి పరిచేస్తారు. సంక్రాంతి దాటాక శీతాకాలపు పంట అంతా ఒక్కసారి మార్కెట్‌కు పడి, రవాణా ఖర్చు కూడా రాక రైతు సంచులు అక్కడే వదిలి వచ్చే రోజులు మీ లెక్కలో లేవు. కోసేవాళ్ల కైకిలి మాత్రం కాయ ధరను బట్టి మారదు. కిలో 40 ఉన్ననాడూ అంతే, 6 ఉన్ననాడూ అంతే. పైగా ధర పడిపోయిందని కోయకుండా వదిలేయడానికీ లేదు. కాయ ముదిరితే చెట్టు కొత్త పూత పెట్టదు, పురుగు పెరుగుతుంది. అమ్మకపోయినా కోసి పారబోయాల్సిందే, దానికీ కూలి ఇవ్వాల్సిందే.

ఇక పురుగు సంగతి. వంగ రైతు లాభనష్టాలు చాలావరకు తేల్చేది కొమ్మ, కాయ తొలుచు పురుగే. మీ వీడియోల్లో దానికి దొరికేది అర నిమిషం. "వేప కషాయం కొడితే పోతుందన్నా" అని రైతు అంటాడు, మీరు తల ఊపుతారు. అంత తేలిగ్గా పోదు. తల్లి పురుగు ఆకుల అడుగున, లేత కొమ్మల మీద, పూమొగ్గల మీద విడివిడిగా గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు కొన్ని గంటల్లోనే కొమ్మలోకో కాయలోకో దూరి, దూరిన రంధ్రాన్ని తన రెట్టతోనే మూసేస్తుంది. ఇక దానికి కషాయమూ తగలదు, కంపెనీ మందూ తగలదు. మందులు వాడే రైతు ఉధృతి ఎక్కువైనప్పుడు వారానికి రెండు మూడు సార్లు పంపు భుజాన వేసుకునేది ఈ కొద్ది గంటల పిల్లపురుగును అందుకుందామనే. ఇంత కొట్టినా పుచ్చులు వస్తూనే ఉంటాయి. మందుల ఖర్చు లేకపోవడం మనకు లాభమే. కానీ కొట్టడం మానేసినంత మాత్రాన పురుగు మానదు కదా.

మందు లేకుండా దాన్ని తగ్గించే పని చూడటానికి అందంగా ఉండదు. వారానికి ఒకసారైనా సాలు సాలు తిరిగి, తల వాల్చిన కొమ్మలను తొలిచిన చోటుకు కాస్త కిందికి తుంచాలి. తుంచినవాటిని సంచిలో వేసుకొని తోట బయటికి తెచ్చి కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి. గట్టు మీద పడేస్తే లాభం లేదు. లోపలి పురుగు బయటికొచ్చి రాలిన ఆకుల్లో గూడు కట్టుకొని, రెక్కలు తొడుక్కొని మళ్లీ తోటలోకే వస్తుంది. పుచ్చు కాయలకూ ఇదే పద్ధతి. అన్నిటికంటే ఎవరూ చెప్పని మాట ఇంకొకటి ఉంది. పాత తోట పీకేశాక పొయ్యిలోకి పనికొస్తాయని వంగ కట్టెలు దొడ్లో పేర్చుకుంటాం. కొత్త తోటకు రెక్కల పురుగులు బయలుదేరే చోటు ఆ కుప్పే. కొత్త నారు నాటకముందే దాన్ని వాడేయాలి, లేకపోతే వలతో కప్పి ఉంచాలి.

ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టే లింగాకర్షక బుట్టలను మీరు చాలాసార్లు చూపించారు, బాగుంది. అవి మగ పురుగులనే పట్టుకుంటాయని, ఎర నెలకోసారైనా మార్చాలని, మొక్క పెరిగేకొద్దీ బుట్టను పైకి జరపాలని కూడా చెప్పండి. ఎకరాకు నాలుగైదు పెడితే పురుగు వచ్చిందో లేదో తెలుస్తుంది. పురుగును తగ్గించాలంటే అంతకు మూడింతలైనా కావాలి. చుట్టూ ఉన్న నాలుగు తోటలవాళ్లూ కలిసి పెడితేనే వాటి ఫలితం కనబడేది. వేప గింజల కషాయం వాడొద్దని నేననడం లేదు. 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల గింజల పొడి, రాత్రంతా నానబెట్టి వడకట్టి, ఎండ తగ్గాక సాయంత్రం పూట కొట్టాలి. ఎండకు దాని బలం పోతుంది. తల్లి పురుగు గుడ్లు పెట్టకుండా, పిల్లపురుగు తినకుండా అది కొంత ఆపుతుంది. ఘాటు మందులు మానేసిన తోటలో ట్రథాలా అనే చిన్న కందిరీగ నిలబడి, తొలుచు పురుగు లోపలే తన పిల్లలను పెంచుతుంది. దాన్ని మనం కొనక్కర్లేదు, చంపకుండా ఉంటే చాలు.

ఇన్ని చేసినా పుచ్చులు సున్నా కావు. కోత అయ్యాక చెట్టు నీడన కూర్చొని ఏరుతాం: మంచివి ఒక పక్క, గీత పడ్డవి ఒక పక్క, పుచ్చులు ఇంకో పక్క. ఆ పుచ్చుల కుప్ప ఎంత ఉందన్నదే సేంద్రియ వంగ రైతు అసలు లెక్క. ఇన్ని వీడియోల్లో ఆ కుప్పను ఒక్కటంటే ఒక్కదాంట్లో నేను చూడలేదు.

మీలో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు, ఈ పురుగు పేరు మీదే దేశంలో పెద్ద రగడ నడిచింది. 2009 అక్టోబరులో కేంద్ర కమిటీ బీటీ వంకాయకు, అంటే ఈ పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన వంకాయకు, ఆమోదం తెలిపింది. 2010 మొదట్లో ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం సేకరించారు, అందులో హైదరాబాద్ కూడా ఉంది. ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపివేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షల ఎకరాల్లో సాగుతున్న పురుగుమందులు లేని సేద్యాన్ని కూడా తన నిర్ణయ పత్రంలో ప్రస్తావించారు. బంగ్లాదేశ్ 2013లో అదే వంకాయకు అనుమతిచ్చింది. ఎవరిది సరైన దారో తేల్చడం ఈ ఉత్తరం పని కాదు. నాకైతే బీటీ వద్దనే ఉంది. కానీ వద్దన్నవాళ్లం పురుగును మరెట్లా ఆపుతామో విడమరిచి చూపించాలి కదా. అర నిమిషంలో "కషాయం కొడితే పోతుంది" అనేస్తే, నమ్మి వేసిన రైతు మొదటి పంటకే చేతులెత్తేసి, మళ్లీ పురుగుమందుల దుకాణం మెట్లెక్కుతాడు. ఆర్గానిక్ అంటేనే మోసం అని ఊరంతా చెప్పుకొస్తాడు.

నేలకు బలమిచ్చే జీవామృతం మీద నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 200 లీటర్ల డ్రమ్ము, 10 కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి... మీరు చెప్పి చెప్పి మా పిల్లలకు కూడా నోటికొచ్చేసింది. ఆ వీడియోలు ఇక చాలు. దానికి బదులు వడలు తెగులు మీద ఒకటి తీయండి. కాపు మీదున్న పచ్చని చెట్టు రెండు రోజుల్లో వాడి చచ్చిపోతుంది, ఏ కషాయంతోనూ లేవదు. దానికి మందు నాటకముందే ఉంది: టమాట, మిరప, వంగ పెట్టిన మడిలో మళ్లీ వంగ పెట్టకపోవడం, అర్క కేశవ్, అర్క నిధి లాంటి తట్టుకునే రకాలు ఎంచుకోవడం, అడవి వంగ మీద కట్టిన అంటు నారు తెచ్చుకోవడం. వేపపిండి, మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు కలిపి వేస్తే కుళ్లు తెగుళ్లు తగ్గుతాయి. ఆకులు చిన్నవైపోయి చెట్టు చీపురులా మారే వెర్రి తెగులు వచ్చిందా, జాలి పడకుండా పీకేయాలి. ఇవన్నీ పంట లేని రోజుల్లో, ఖాళీ మడి ముందు నిలబడి చెప్పాల్సిన సంగతులు. ఖాళీ మడికి వ్యూస్ రావని నాకు తెలుసు.

సీసాల గురించి ఒక మాట. వీడియో మధ్యలో ఒక "బయో" సీసా బయటికొస్తుంది. "ఇది పూర్తిగా ఆర్గానిక్, పురుగు, తెగులు, పూత, కాపు అన్నిటికీ ఒకటే" అంటారు. అన్నిటికీ పనిచేసే సీసా అంటేనే నాకు అనుమానం. పురుగు మీద పనిచేస్తుందని అమ్మే దేనికైనా, అది జీవ మందైనా సరే, కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. మొక్క ఎదుగుదలకని అమ్మే జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. ఈ రెండింటిలో ఏదీ లేని సీసాలో ఏముందో కొన్నవాడికి తెలియదు, చూపించిన మీకూ తెలియదు. అందులో రసాయనం కలిసి ఉంటే, ఆ రైతు తన కాయను సేంద్రియమని అమ్మి నలుగురిలో మాట పోగొట్టుకుంటాడు. డబ్బు తీసుకొని చూపించండి, ఎవరి పొట్ట వారిది. తీసుకున్నామని మాత్రం తెర మీద రాయండి. లేబుల్ మీది రిజిస్ట్రేషన్ నంబరును ఒకసారి కెమెరాకు దగ్గరగా పెట్టండి.

అమ్మకం దగ్గరికి వద్దాం. మీరు రైతును "ఎంతకు అమ్మారు?" అని అడుగుతారు. "ఎవరికి అమ్మారు?" అని అడగరు. ఆ రెండో ప్రశ్నలోనే లాభమంతా ఉంది. సేంద్రియ వంకాయ సంచిని బోయిన్‌పల్లి మార్కెట్‌కు తీసుకెళ్తే అడ్తిదారు సంచి విప్పి చూసేది మెరుపును, సైజును. మందు కొట్టిన కాయ నిగనిగలాడుతుంటుంది, మన కాయ మీద అక్కడక్కడ పురుగు గీకిన గుర్తులుంటాయి. మనకు నాలుగు రూపాయలు తగ్గిస్తాడు. ఆయన తప్పేం లేదు, ఆయన దగ్గర కొనేవాళ్లకు కావాల్సింది మెరుపే. రైతుబజార్‌లోనూ అంతే. 1999లో అవి మొదలైనప్పుడు దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం, ఇప్పటికీ మాలాంటివాళ్లకు అదే ఆసరా. కానీ పొద్దున రాసే ధరల బోర్డు మీద వంకాయకు ఉండేది రంగునో, సైజునో బట్టి గీత. ఎట్లా పండించావని అడిగే గీత లేదు. కిలో 40 అన్న మాట ఆ బోర్డు మీద సీజన్‌లో కనిపించదు. కిలో 40 ఇచ్చేది మన తోట చూసినవాళ్లు, మన మాట నమ్మినవాళ్లు: అపార్ట్‌మెంట్లలో వారం వారం తీసుకునే నలభై యాభై ఇళ్లవాళ్లు, ఒకటి రెండు సేంద్రియ దుకాణాలు. వాళ్లను సంపాదించడానికి పంట పండించినంత కష్టం పడాలి. వాళ్లకు ఒక్క వంకాయే ఇస్తే సరిపోదు. బెండ, బీర, పాలకూర, పచ్చిమిర్చి అన్నీ ఉంటేనే మళ్లీ వారం ఫోన్ చేస్తారు. అందుకే ఎకరా మొత్తం వంగ పెట్టిన సేంద్రియ రైతు సగం కాయను మామూలు ధరకే తోసుకోవాల్సి వస్తుంది. 10 గుంటల్లో, అంటే పావు ఎకరాలో, వంగ పెట్టి, మిగతా 30 గుంటల్లో ఈ కూరగాయలన్నీ కొంచెం కొంచెం పెట్టుకున్నవాడు నిలబడతాడు. కానీ "10 గుంటల వంగ" అనే థంబ్‌నెయిల్‌ను ఎవరు నొక్కుతారు?

నమ్మకానికి కాగితం కూడా కావాలి. కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టి ఒకరి తోట ఒకరు తనిఖీ చేసుకొని సేంద్రియ గుర్తింపు పొందే పీజీఎస్ పద్ధతి మనలాంటివాళ్ల కోసమే పెట్టింది. పెద్ద ఖర్చు లేదు. విదేశాలకు పంపేవాళ్లకు అది చాలదు, దానికి ఎన్‌పీఓపీ అనే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద వేరే తనిఖీ ఉంది. ఎన్‌పీఓపీలోనైతే ఏడాది పంటలు వేసే నేలకు రసాయనాల నుంచి సేంద్రియానికి మారే కాలమే రెండేళ్లు. ఆ రెండేళ్లు పురుగు మనదే, కూలీ మనదే, సేంద్రియమన్న పేరు మాత్రం ఇంకా రాలేదు. దిగుబడి కూడా మొదట కొంత తగ్గుతుంది, నేల కోలుకునేదాకా. ఈ రెండేళ్లను దాటడానికి ఇంట్లో పాడి ఉందా, జీతం తెచ్చేవాళ్లు ఉన్నారా, అప్పు ఉందా అన్నది మీరు రైతును అడగాలి. కెమెరా ముందు అడగడం ఇబ్బందైతే కెమెరా ఆపి అడిగి, ఆయన ఒప్పుకున్నంత వరకు చెప్పండి. ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు తోటకొచ్చే ఆయన లాభమూ, అప్పు తెచ్చి కౌలుకు చేసే ఆయన లాభమూ ఒకటే అంకె అయినా ఒకటే సంగతి కాదు.

ఇంకో చిక్కు మీరు కోరుకోకుండానే తెస్తున్నారు. ఆషాఢంలో వచ్చిన ఒక్క వీడియోకు లక్షల వ్యూస్ వస్తే, నెల తిరక్కుండానే చుట్టుపక్కల నర్సరీల్లో వంగ నారు దొరకదు. అందరం ఒకేసారి నాటుతాం, ఒకేసారి కోస్తాం. కార్తీక మాసంలో నీసు మానేసే ఇళ్లు ఎక్కువ కాబట్టి కూరగాయకు గిరాకీ ఉంటుంది, అప్పటిదాకా బాగానే గడుస్తుంది. ఆ తర్వాత అందరి కాయా కలిసి ధరను నేలకు తొక్కేస్తుంది. నెల నెలన్నర తేడాతో రెండు మూడు విడతలుగా నాటితే, పాత తోట కొమ్మలు కత్తిరించి మళ్లీ చిగురు తీయించుకుంటే ఈ దెబ్బ కొంత తప్పించుకోవచ్చు. ఎండ ముదిరినప్పుడు కాయ సరిగా కట్టదు కాబట్టి ఆ రోజుల్లో నిలబెట్టిన కొద్ది తోటకు మంచి ధర వస్తుంది. "ఎవరూ వేయనప్పుడు వేయండి" అని మాత్రం వీడియోలో చెప్పకండి, అది విని అందరూ అప్పుడే వేస్తారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక తోట ఎంచుకోండి. నారు పోసిననాడు ఒకసారి రండి, విరగకాసిననాడు ఎట్లాగూ వస్తారు, ధర పడిపోయి తోట పీకే నాడు ఇంకోసారి రండి. మూడూ కలిపి ఒక్క వీడియోగా పెట్టండి. ఖర్చు చెప్పేటప్పుడు ఇంటివాళ్ల కూలి కూడా కలపమని రైతును అడగండి. భార్యాభర్తలిద్దరూ నెలల తరబడి తోటలోనే ఉంటే దాన్ని "ఖర్చు లేదు" అంటారు మనవాళ్లు. ముఖ్యంగా ఆ ఇంటి ఆడమనిషిని మాట్లాడించండి. కొమ్మలు తుంచేది, కాయ ఏరేది చాలా ఇళ్లలో ఆమే, ఏ సాలులో పుచ్చు ఎక్కువో తెలిసేదీ ఆమెకే. మైకు మాత్రం ఎప్పుడూ మా మగవాళ్ల చొక్కాకే పెడతారు. చివర్లో అంకె ఎంత వస్తే అంతే థంబ్‌నెయిల్ మీద వేయండి. అది 60 వేలైనా, చేతినుంచి పడిందైనా సరే.

మా తోటకు రావాలనుకుంటే రండి. కోత రోజు కాకుండా మరునాడు రండి, ఆ రోజు కొమ్మలు తుంచే పని ఉంటుంది. తలా ఒక సంచి ఇస్తాం.

ఇట్లు,
చేవెళ్ల వైపు కూరగాయల రైతు